చదివే వంతు

సోమవారం, స్టాఫ్‌రూము

వదినకి,

నీ కుర్చీలో కూర్చుని, నీ సొరుగులో నువ్వు మర్చిపోయిన తెల్లకాగితాల మీదే నీకు రాస్తున్నాను. అక్కడ మీరిద్దరూ సర్దుకున్నారా? అన్నయ్య కొత్త ఊళ్ళో కూడా తాళంచెవులు పోగొట్టుకోవడం మొదలుపెట్టాడా? ఈ మాత్రం దానికి ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నీ సంగతి నాకు తెలియదా? నేను సగం వాక్యం చెప్పేసరికి మిగతా సగం నువ్వే చెప్పేసి, దానికి జవాబు కూడా ఇచ్చేస్తావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. ఈ విషయం నువ్వు చివరిదాకా వినాలి వదినా, అందుకని రాస్తున్నాను.

ముందు మంచి మాటలు. నువ్వు నాకు అప్పగించి వెళ్ళిన ఐదో తరగతి ఇంకా కూలిపోలేదు. నీ ఖాళీల పాఠం నువ్వు చేసినట్టే చేస్తున్నాను. ఓ చిన్న కథో, వార్తో తీసుకుని, అక్కడక్కడా మాటలు తీసేసి గీతలు పెట్టి, జతకో కాగితం ఇస్తున్నాను. ఒకళ్ళు పైకి చదవాలి, ఇంకొకళ్ళు ఖాళీ దగ్గర సరిపోయే మాట చెప్పాలి, చదివినవాళ్ళు దాన్ని రాయాలి. నా మనసులో ఉన్న మాటే రావాలని నేనూ పట్టుబట్టడం లేదు. "ముందూ వెనకా చూసి చెప్పండి, ఎందుకు చెప్పారో కూడా చెప్పండి" అని నీలాగే గొంతు చించుకుంటున్నాను. మొన్న 'మా ఇంట్లో ఫలానా ఉంటే దొంగలు రారు' అనే వాక్యంలో కుక్క అని వస్తుందనుకున్నాను. వెనక బల్లవాడు 'మావయ్య' అన్నాడు. ఎందుకురా అంటే, "రాత్రంతా దగ్గుతూనే ఉంటాడు టీచర్, ఇంకే దొంగొస్తాడు?" అన్నాడు. రైటు వేశాను. నువ్వున్నా వేసేదానివి.

పర్యవేక్షకురాలు మేడమ్ వచ్చేది ఖాయమైంది. వచ్చే నెలాఖరున మన క్లాసులో కూర్చుని ఒక గంట పాఠం చూస్తారట. నచ్చితే నీ పద్ధతిని చిన్న పుస్తకంగా వేసి, నీ పేరుతోనే, అన్ని బడులకీ పంపుతారని హెడ్మాస్టరు గారు చెప్పారు. ఆ పాఠం బాగా నడిస్తే నీ స్థానంలో తాత్కాలికంగా ఉన్న నన్ను కూడా ఖాయం చేస్తారట. ఆయన అప్పుడే ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా నిర్ణయించేశారు. ముందు బల్ల మీద మన ఆడపిల్లలిద్దరూ, మైకు, టకటక. నువ్వు పెట్టిన పేర్లే ఇప్పటికీ బడంతా వాడుతున్నారు. మైకు పైకి చదివితే పక్క క్లాసువాళ్ళు కూడా పాఠం వినేస్తున్నారు. టకటక ఖాళీ వచ్చీరాకముందే మాట చెప్పేస్తోంది. వెళ్ళేముందు నువ్వు ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి, "ఇది నా పద్ధతికి సాక్ష్యం, జాగ్రత్తగా చూసుకో" అన్నావు. గుర్తుందా?

వదినా, టకటకకి చదవడం రాదు.

కోపం తెచ్చుకోకుండా చదువు. పోయిన గురువారం మైకు గొంతు పోయింది. మైకు గొంతు పోవడమేమిటని నవ్వొచ్చినా నిజమే, జ్వరం కూడా వచ్చి బడికి రాలేదు. టకటకకి జత లేదు. ఒక్కదానివే చదువుకుని ఒక్కదానివే పూరించు అని కాగితం ఇచ్చాను. ఆ రోజు జిరాక్స్ షాపువాడు రెండు పాఠాల కాగితాలు కలిపి ఇచ్చేశాడు, నేనూ చూసుకోలేదు. కొందరికి దర్జీ కథ వెళ్ళింది, కొందరికి వానలో ఆగిపోయిన బస్సు కథ. పక్క బల్లవాళ్ళు దర్జీ కథ పైకి చదువుతున్నారు. టకటక తన కాగితం మీద వేలు పెట్టుకుని, వాళ్ళకంటే ముందే, "సూది... దారం... గుండీ..." అని గొణుగుతోంది. భేష్ అందామని దగ్గరికి వెళ్ళాను. వేలి కింద ఉన్నది బస్సు కథ.

నాకు ముందు ఏమీ తట్టలేదు. "ఏమ్మా, బస్సుకి దారం కట్టి లాగుతున్నావా?" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. తనూ నవ్వింది. నవ్వుతూనే పక్కవాళ్ళ కాగితం చూసింది, తన కాగితం చూసింది. రెండూ వేరని ఎవరైనా ఒక్క చూపులో పోల్చుకుంటారు కదా, ఆ పిల్ల పోల్చుకోలేదు. చివరికి నా మొహం వైపు చూసింది.

గంట కొట్టాక ఆపి, ఎవరూ లేకుండా చూసి, ఇది చదువు అని ఒక వాక్యం చూపించాను. నాలుగు మాటల వాక్యం. చాలాసేపు చూసి, "మీరు మొదటి మాట చెప్పండి టీచర్, మిగతాది నేను చెప్పేస్తాను" అంది. ఎంత మర్యాదగా అందో తెలుసా! అక్షరాలు విడివిడిగా అడిగితే చాలావరకు చెబుతోంది. పక్కపక్కన పెడితే అవి ఒక మాట అవుతాయన్నది మాత్రం ఇంకా దానికి తెలిసిరాలేదు. పరీక్షల్లో ఎలా నెట్టుకొచ్చావే అంటే, విన్న పాఠం అంతా నోటికి వచ్చేస్తుందట, జవాబులు మైకు కాగితం చూసి బొమ్మ వేసినట్టు వేసేస్తుందట. దాని చేతిరాత అంత ముత్యాల్లా ఎందుకుంటుందో ఇప్పుడర్థమైంది.

జతలో రోజు మార్చి రోజు వంతు మారాలని నువ్వే పెట్టిన నియమం. ఆ ఒక్క జతకి మాత్రం మనం మార్చలేదు. నువ్వూ మార్చలేదు, నేనూ మార్చలేదు. మైకుకి చదవడం సరదా, దీనికి జవాబు చెప్పడం సరదా, ఇద్దరూ కలిస్తే క్లాసుకే కళ, ఎందుకు కదిలించాలి అనుకున్నాం. అంత చక్కగా ఊహించే పిల్లకి చదవాల్సిన అవసరం మనమే లేకుండా చేశాం.

నేనేం చెయ్యాలని అడగడానికి ఇది రాయట్లేదు. మేడమ్ వచ్చేలోపల ఆ పిల్లకి చదవడం మొదలుపెట్టిస్తాను. వచ్చిన రోజున జరిగింది జరిగినట్టు చెబుతాను. నీ పద్ధతి గురించి కాబట్టి ముందు నీకు తెలియాలని రాశాను.

నీ కుర్చీని ఇంకా పాడుచెయ్యని,
నీ మరదలు


బుధవారం, ఇంట్లో కిటికీ దగ్గర

వదినకి,

నీ ఉత్తరం అందింది. నీకు ముక్కు మీద కోపమని అన్నయ్య అంటూ ఉంటే ఇన్నాళ్ళూ నీ తరఫున వాదించాను. ఇప్పుడు ఆయనకి క్షమాపణ చెప్పాలి.

"రెండేళ్ళు నేను చెప్పిన క్లాసులో చదవడం రాని పిల్ల ఉందంటే, నన్ను ఏమంటున్నావో తెలుసా?" అని రాశావు. తెలుసు. రాసేముందు రెండు కాగితాలు చింపాను. "ఆ ఒక్క గంట మైకునే చదవనీ, ఆ పిల్లనే జవాబు చెప్పనీ. పుస్తకం అచ్చయ్యాక దాన్ని కూర్చోబెట్టి నేర్పు, ఎవరు వద్దన్నారు? ఆ పుస్తకం వెళ్తే ఎన్ని బడుల్లో పిల్లలు బట్టీ మానేస్తారో ఆలోచించు" అన్నావు. అదీ ఆలోచించాను. ఆ పుస్తకం కోసం నువ్వెంత కష్టపడ్డావో నాకంటే ఎవరికి తెలుసు? పెళ్ళైన కొత్తలో అందరూ సినిమాకి వెళితే నువ్వు మా ఇంటి నడవలో కూర్చుని పాత పత్రికల్లో మాటలకి నల్లరంగు పూసేదానివి. మా నాన్న పేపరు తెరిచి, సగం వార్త ఎక్కడికి పోయిందని కేకలేస్తే, "మీరే చెప్పండి మావయ్యా, అక్కడ ఏముండాలి?" అని ఆయన్నే కూర్చోబెట్టి పూరింపించావు. నేను టీచర్నవ్వాలనుకున్నది అది చూసే.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, దాచుకుంటే నాకే బాగుండదు. ఆ బస్సు కాగితం చూసిన రోజు, భయం వేసింది, బాధ వేసింది, ఆ రెండిటి మధ్య ఎక్కడో కాస్త సంతోషం కూడా వేసింది. మన ఇంట్లో ఏ మాటొచ్చినా "మీ వదినని చూసి నేర్చుకో" అంటారు కదా. వదినకి కనపడనిది నాకు కనపడిందే అని ఒక్క క్షణం మురిసిపోయాను. వెంటనే సిగ్గుపడ్డాను కూడా. నీ మీద పోటీకి ఇదంతా చేస్తున్నానని నువ్వు అనుకునే ముందు నేనే చెబుతున్నాను. ఆ మురిపెం ఆ రోజుతోనే పోయింది. పిల్ల మిగిలింది.

ఒక్క గంట సేపు ఊరుకోవడం నావల్ల కాదు వదినా. ఎందుకంటావేమో, ఆ గంటలో అందరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్ల తర్వాత ఆ పిల్ల ఎవరి దగ్గరికెళ్ళి నాకు చదవడం రాదని చెబుతుంది? నీ పుస్తకంలో దాని ఫోటో కూడా వేస్తారట. ఇక జన్మలో నేర్చుకోదు. హెడ్మాస్టరు గారితో కూడా చెప్పేశాను, పిల్ల పేరు చెప్పకుండా, జతల్లో వంతులు మారుస్తానని మాత్రం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "బాగా నడుస్తున్నదాన్ని ఎందుకమ్మా కెలకడం? రిటైరయ్యేముందు నన్ను కాస్త ప్రశాంతంగా ఉండనివ్వండి" అన్నారు. పాపం మంచాయనే. మార్చకండి అని మాత్రం అనలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొదట నేనూ మామూలుగానే మొదలుపెట్టాను. బడి వదిలాక దాన్ని కూర్చోబెట్టుకుని, నీకు తెలిసిన విషయం ఏదైనా చెప్పమ్మా, నేను రాస్తాను అన్నాను. వాళ్ళమ్మ లాండ్రీలో పని చేస్తుంది కదా, ఆవిడ గురించి చెప్పింది. దాని మాటల్లోనే రాస్తున్నాను చూడు: 'మా అమ్మ ఇస్త్రీ చేస్తుంది. ముందు నీళ్ళు చల్లుతుంది. చొక్కాకి కాలర్ ముందు, చేతులు తర్వాత. కాలిస్తే ఓనరు అరుస్తాడు. అందుకే అమ్మ పనిలో ఉంటే నేను మాట్లాడను.' పెద్ద అక్షరాలతో రాసి ఒక్కసారి చదివి వినిపించాను. అంతే, నోటికి వచ్చేసింది. ఇక కాగితంతో దానికి పనేముంది? వేలు ఎక్కడో, మాట ఎక్కడో. 'కాలర్' దగ్గర వేలు పెట్టి 'ఓనరు' అంటోంది. మాటలు తీసేసి ఖాళీలు పెడితే ఇంకా హాయిగా చెప్పేస్తోంది. ఖాళీలతో దాన్ని గెలవలేమని అప్పుడు తెలిసింది.

అందుకని తిరగేశాను. ఖాళీలు తీసేశాను. మొత్తం నిండుగా రాసి, ఒక్క మాట మాత్రం మార్చేశాను. "ఇందులో ఒక దొంగమాట ఉంది. నువ్వు చెప్పనిది. పట్టుకో" అన్నాను. 'నీళ్ళు' ఉండాల్సిన చోట 'పాలు' రాశాను. అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసి, దొంగెవరూ లేరు టీచర్ అంది. ఉన్నారు అన్నాను. మళ్ళీ చెప్పింది. ఈసారి వేలు ఒక్కో మాట మీద పెట్టి నా మొహం చూస్తూ పోయింది. నా కనుబొమ్మలు ఎక్కడ కదిలితే అక్కడ ఆగిపోయి, ఇదే దొంగ అంది! ఎంత తెలివో చూడు. మర్నాటి నుంచి దాని వెనకాల కూర్చుంటున్నాను, నా మొహం కనపడకుండా. గోడకేసి కూర్చున్న పిల్ల, దాని ముందు కాగితం, ఇంకేమీ లేదు. తల తిప్పితే, ముందుకి తిప్పుకో అంటాను. ఏడ్చింది కూడా. మీరు నన్ను ఓడించడానికే ఇలా చేస్తున్నారు అంది. అవును, ఓడిపోతే ఏమవుతుందో చూద్దాం అన్నాను. నాకూ ఏడుపొచ్చింది కానీ వెనకాలే ఉన్నాను కాబట్టి దానికి కనపడలేదు.

క్లాసులో వంతులు మార్చాను. అందరికీ మార్చాను, పేరు పేరునా ఎవరినీ అనకుండా. మైకుకి ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే టకటకే దాన్ని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టింది. "నాకు తెలుసు టీచర్, మొదట్నించీ తెలుసు" అంది మైకు. మరెందుకు చెప్పలేదే అంటే, "అది చెప్పొద్దంది. నాకేమో చదవడం ఇష్టం" అంది. మన ఇద్దరి కళ్ళూ కప్పడానికి వాళ్ళకి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

మొన్న జరిగింది చెప్పి ముగిస్తాను. 'ఓనరు అరుస్తాడు' అన్నచోట 'ఓనరు పాడతాడు' అని రాశాను. వెనకాల కూర్చుని ఎదురుచూస్తున్నాను. నోట్లో గొణుగుడు లేదు. వేలు నెమ్మదిగా కదులుతోంది. ఒక లైను, ఇంకో లైను. బయట ఎవరో బక్కెట్టు ఈడ్చుకెళ్తున్నారు. వేలు ఆగింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది! ఎవరూ చదివి వినిపించలేదు, ఎవరి మొహమూ కనపడలేదు, ఆ పిల్ల ఒక్కతే గోడకేసి కూర్చుని ఎప్పుడూ అరిచే ఆ ఓనరు పాట పాడుతున్నాడని చదివి నవ్వింది. ఆ నవ్వు నువ్వు వినుంటే ఆ ఉత్తరం నాకు రాసేదానివి కాదు.

ఇక ఆగేది లేదు. మేడమ్‌తో నిజం చెప్పొచ్చా అని దాన్నే అడిగాను. ఆలోచించి, "నేను చదివాక చెప్పండి. ముందు చెబితే ఊరుకోను" అంది. సరేనన్నాను. మాటిచ్చాను.

నీ కోపం తట్టుకోగలిగినంత ప్రేమతో,
నీ మరదలు


శనివారం, ఖాళీ క్లాసురూము

వదినకి,

నా పోయిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. అన్నయ్య ఫోన్ చేసి, "మీ వదిన నాతో కూడా మాట్లాడటం లేదు, నేనేం చేశానే?" అన్నాడు. పాపం ఏ తప్పూ చెయ్యకుండా ఆయనకి శిక్ష పడింది ఇదొక్కసారేనేమో. నువ్వు రాయకపోయినా నిన్న జరిగింది నీకు నేనే చెప్పాలి. వేరేవాళ్ళ నోట వింటే ఊరుకోలేను.

మేడమ్ పొద్దున్నే వచ్చారు. నేను తయారుచేసిన పాఠం పక్కన పెట్టి, సంచిలోంచి తను తెచ్చినది తీశారు. పిల్లలు ముందే చూసి ఉంటారేమోనని అనుమానం. మంచిదే అనుకున్నాను. గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన గురించి. మధ్యమధ్యలో మాటలు తీసేసి గీతలు పెట్టి ఉన్నాయి. హెడ్మాస్టరు గారు తలుపు దగ్గర నిలబడి నాకు కళ్ళతో దణ్ణం పెడుతున్నారు. ఆ రోజు ముందు బల్ల మీద చదివే వంతు టకటకది. చివరి నిమిషంలో కూడా అడిగాను, వద్దంటే మార్చేస్తానమ్మా అని. "వంతంటే వంతే టీచర్" అంది.

క్లాసంతా గోలగా మొదలైంది. వెనక బల్లవాళ్ళు గబగబా లాగించేస్తున్నారు. ముందు బల్ల మీద మాత్రం పని సాగడం లేదు. టకటక వేలు పెట్టి, ఒక్కో అక్షరం పట్టుకుని, పక్కదానికి కలిపి, మళ్ళీ మొదటికొచ్చి చదువుతోంది. మైకుకి ఆ వాక్యం ఎప్పుడో తెలిసిపోయింది. చెప్పెయ్యాలని గుటకలు మింగుతోంది. చివరికి రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది. మేడమ్ గడియారం చూసుకున్నారు. హెడ్మాస్టరు గారు తలుపు వదిలేసి వరండాలోకి వెళ్ళిపోయారు. నిజం చెబుతున్నాను వదినా, ఒక్కసారి నాకూ అనిపించింది, నువ్వన్నట్టు ఈ ఒక్క గంట మైకునే చదవనిచ్చుంటే ఏం పోయేదని.

టకటక 'ముళ్ళు' అనే మాట దగ్గర ఆగిపోయింది. ఆ ముసలాయన గడియారం ముళ్ళు తిప్పుతున్నాడు. 'ము' దాకా వచ్చింది, తర్వాతది కలవడం లేదు. ఇంతకుముందైతే వాక్యం సగం వినగానే ఆ మాట ఎగిరొచ్చి దాని నోట్లో పడేది. మేడమ్ జాలిపడి వంగి, "ముళ్ళు తల్లీ, ముళ్ళు" అనబోయారు. ము అనగానే టకటక తలెత్తకుండానే అంది.

"చెప్పకండి మేడమ్. చదువుతున్నాను."

అంత పెద్దావిడతో ఎవరూ అలా మాట్లాడరు. మేడమ్ వెనక్కి జరిగి కూర్చున్నారు. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు, దాని వేలినే చూస్తున్నాను. చదివింది. వాక్యం చివరిదాకా చదివి, మైకు వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అంది. మైకు నోటి మీంచి చేతులు తీసి బడి మొత్తానికి వినపడేలా జవాబు చెప్పింది. గంట అయ్యేసరికి ఆ జత పూర్తి చేసింది మూడే వాక్యాలు. మిగతా జతలన్నీ కాగితం తిరగేసి బొమ్మలు వేసుకుంటున్నాయి.

మేడమ్ నన్ను పక్కకి పిలిచి, ఇంత నెమ్మదిగా చదివే పిల్లని ముందు బల్ల మీద ఎందుకు కూర్చోబెట్టారని అడిగారు. నేను టకటక వైపు చూశాను. అది తలూపింది. అప్పుడు చెప్పాను. ఈ పద్ధతిలో రెండేళ్ళుగా క్లాసు ఫస్టు ఈ పిల్లేనని, అప్పుడు ఒక్క మాట చదవడం కూడా రాదని, విని ఊహించి చెబుతుంటే చదువుతోందని మేం మురిసిపోయామని. పద్ధతి మంచిదే, పిల్లలు ఆలోచిస్తారు, కానీ ప్రతి పిల్లా తన వంతుకి చదివి తీరాలి, లేకపోతే ఇలాంటి పిల్ల దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదని చెప్పాను. ఇది పుస్తకంలో మొదటి పేజీలోనే ఉండాలన్నాను.

ఫలితం నీకు నేరుగా చెబుతాను. "ఈ పద్ధతిని ఇంకా పరిశీలించాలి" అని మేడమ్ రాసుకున్నారు. పుస్తకం ఈ ఏడాదికి లేదు. నా ఉద్యోగం కూడా ఇంకో ఏడాది తాత్కాలికమే. నా సంగతి వదిలెయ్. నీ పుస్తకం ఆగింది, నావల్లే ఆగింది. నువ్వు ఎన్నాళ్ళు మాట్లాడకపోయినా నేను కాదనను. కానీ మళ్ళీ ఆ గంట వచ్చినా ఇదే చేస్తాను. సోమవారం నుంచి క్లాసులో అందరితో దొంగమాట ఆట మొదలుపెడుతున్నాను. ఖాళీల పాఠం కూడా మానను, వంతులతో చేస్తాను. నువ్వు నేర్పినదాన్ని నేనెందుకు మానతాను?

నువ్వు ఎప్పుడు రాసినా చదవడానికి సిద్ధంగా ఉన్న,
నీ మరదలు


మరదలు పిల్లకి,

నేను బాగానే ఉన్నాను. మీ అన్నయ్యతో మాట్లాడుతున్నాను, ఆయనకి భయపడొద్దని చెప్పు.

నీ ఆఖరి ఉత్తరం చదివి నాకు వచ్చిన కోపం గురించి రాయను, అది నీకు తెలుసు. పుస్తకం పోయిందని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నా పద్ధతిలో తప్పు లేదు, నీ చేతకానితనం వల్లే ఇలా అయిందని నీకో పెద్ద ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను. అంటించేముందు, నా మాట నిజమని నిరూపించుకుందామని, ఇక్కడి కొత్త క్లాసులో పొద్దున్నే లోపలికి వెళ్ళి, ఇవాళ అందరూ వంతులు మార్చుకోండి అన్నాను. ఇక్కడ కూడా చదివేవాళ్ళు చదువుతున్నారు, చెప్పేవాళ్ళు చెబుతున్నారు, నేనూ మార్చలేదు. మనసులో ధీమాగానే ఉంది. నా క్లాసు కదా!

ముగ్గురున్నారు.

ఒకమ్మాయి కడుపునొప్పి అంది. ఒకడు కాగితం కింద పడేసి దాని కోసం బల్ల కిందే ఉండిపోయాడు. మూడోవాడిని క్లాసు లీడరు చేద్దామనుకుంటున్నాను నేను, అంత చురుకైనవాడు. వాడు లేచి నిలబడి, తల నిటారుగా పెట్టుకుని, కాగితం మీద లేని కథ ఒకటి చక్కగా చదివేశాడు. ఎంత బాగా చెప్పాడంటే, నీ ఉత్తరం రాకపోయుంటే వాడికి చప్పట్లు కొట్టించేదాన్ని. గంట అయ్యాక స్టాఫ్‌రూముకి వెళ్ళలేకపోయాను. ఖాళీ క్లాసులోనే కూర్చున్నాను. టకటక నా దగ్గర కూడా నా మొహం చూసే చెప్పి ఉంటుంది. నేను దాన్ని మెచ్చుకుంటూ ఉండిపోయాను.

నీకు రాసిన పెద్ద ఉత్తరం చింపేశాను. మేడమ్‌కి మాత్రం ఒకటి రాసి పంపాను. మా మరదలు చెప్పింది నిజం, నా క్లాసులో కూడా ముగ్గురున్నారు, పుస్తకం ఆపి మంచి పని చేశారు అని. రాస్తుంటే చెయ్యి సాగలేదు, అయినా సంతకం చేశాను.

బడి వదిలాక ఆ కాబోయే లీడరుని ఆపాను. నేనేం అడుగుతానో వాడికి తెలిసిపోయింది, ముందే ఏడుపు మొహం పెట్టాడు. మా పాత బడిలో నీలాంటి అమ్మాయి ఒకత్తి ఉందిరా, నీకంటే బాగా నన్ను మోసం చేసింది, ఇప్పుడు చదువుతోంది, పెద్ద మేడమ్‌తోనే 'చెప్పకండి, చదువుతున్నాను' అందట అన్నాను. వాడు ఏడుపు ఆపేశాడు. కాసేపు నన్ను అనుమానంగా చూసి, "ఆ అమ్మాయికి ఎన్నాళ్ళు పట్టింది టీచర్?" అన్నాడు.

నాకు తెలియదురా, కనుక్కుని చెబుతానన్నాను. రోజూ అడుగుతున్నాడు. వెంటనే రాయి.

మీ వదిన